డ్రమ్ము మీద ఎరకమ్మ

అనగనగా ఓ ఘాటు రోడ్డు. లారీలను ముందునుంచి హేండిల్ తిప్పి లేపే కాలం అది. ఎక్కే ప్రతి లారీకీ పై మలుపుకొచ్చేసరికి ఇంజను కుతకుతా ఉడికేది. ఆ మలుపులో ఎరకమ్మ టీ కొట్టు. కొట్టు ముందు తారు డ్రమ్ము. వాగు నుంచి మోసుకొచ్చి దాన్నిండా నీళ్లు పోసేది ఎరకమ్మే. ఏ లారీకీ కాదనేది కాదు. ఒక్కటే చెప్పేది.

"కూకో నాయనా. ఇనుము సల్లారనీ."

వింటేనా. మొదట ఒకడొచ్చాడు. "నాకు చెప్పొచ్చావా ముసలీ" అని, మరిగే ఇంజనులో చన్నీళ్లు గుమ్మరించాడు. టప్పుమంది. సిలిండర్ హెడ్డు పగిలింది.

రెండోవాడొచ్చాడు. "చేపల లోడమ్మా, కుళ్లిపోద్ది" అని కాళ్లు పట్టుకున్నాడు. ఎరకమ్మ మెత్తబడింది. టప్పుమంది. ఈసారి హెడ్డుతో పాటు కింద ఇంజను బ్లాకూ పోయింది. చేపలూ కుళ్లాయి. వాడు రోడ్డు మీద కూలబడి ఏడుస్తుంటే ఎరకమ్మకి ఒళ్లు మండింది. వాడి మీద కంటే తన మీదే ఎక్కువ. ఆ నీళ్లు తను మోసినవి కదా.

మూడోవాడు గవరయ్య. పెళ్లాం పుస్తెలమ్మి కొన్న పాత లారీ. అది పోతే ఇల్లు గడవదు. అతను బకెట్టు తీసేలోగా ఎరకమ్మ డ్రమ్ముకి మూతేసి, మూత మీదికెక్కి కూర్చుంది.

"లెగు" అన్నాడు గవరయ్య.

"లెగను."

"అత్తా, నీకు దండం పెడతాను."

"ఎట్టుకో. ఎంతమందికి సెప్పాల్రా నాను? నా గొంతు పోతంది గాని మీ బుర్రకెక్కదు. కూకో. ఇనుము సల్లారనీ."

గవరయ్య తిట్టాడు. బతిమాలాడు. చివరికి విసుగొచ్చి కూర్చున్నాడు. ఇంజను మీద అతను అరచెయ్యి ఆనించి ఉంచగలిగాకే ఎరకమ్మ లేచింది. లారీ దర్జాగా ఘాటు దాటింది.

ఎన్నాళ్లకో ఎరకమ్మ పోయింది. పాడె మోయడానికి గవరయ్య వచ్చాడు. సరిగ్గా అప్పుడే ఓ లారీ ఆవిరి కక్కుతూ వచ్చి ఆగింది. డ్రైవరు బకెట్టు పట్టుకుని పరిగెత్తాడు. ఇవాళ కూడానా అని గవరయ్యకి కోపమూ ఏడుపూ ఒక్కసారే తన్నుకొచ్చాయి. వెళ్లి డ్రమ్ము మీద కూర్చున్నాడు.

"కూకో నాయనా. ఇనుము సల్లారనీ."

ఆ ఇంజను చల్లారేదాకా ఎరకమ్మ పాడె లేవలేదు.

ఇప్పటికీ ఆ దారిలో ఇంజను ఉడికితే ఎవరూ నీళ్ల జోలికి పోరు. ఒకడు ఇనుము మీద అరచెయ్యి పెట్టి చూస్తాడు.

"ఎరకమ్మ లేచిందా?" అంటాడు ఇంకొకడు.

"ఇంకా లేదు."

విసుక్కుంటూనే ఇద్దరూ కూర్చుంటారు.