గుమ్మం వరుస

కొండ ఎక్కడానికి సిరినాగ భయపడలేదు. ఎక్కిన తరువాత ఎక్కడ కూర్చోవాలన్నదే ఆమె భయం.

కృష్ణానది ఒడ్డున కొండకొక బౌద్ధ విహారం వెలసిన రోజులవి. ధూమగిరి మీద భిక్షుణుల విహారం ఒకటి ఉండేదట. ఇల్లు విడిచి కాషాయం కట్టిన ఆ స్త్రీలు విరిగిన ఎముకలు కట్టేవారు, తప్పిన కీళ్లు సరిచేసేవారు. వారి వైద్యం ఆడవాళ్లకూ పసిపిల్లలకూ మాత్రమే. ఆకుపసరులూ తైలాలూ వారికి తెలియనివి కావు. అయినా అన్నిటికన్నా ముందు చేతిని నమ్మేవారు. నొప్పి ఎక్కడ పుట్టిందో, ఎక్కడికి పాకి ఎక్కడ దాక్కుందో వేళ్లతో వెతికి తెలుసుకునే విద్య అది. ఆ విద్యకు పెద్దదిక్కు ఉత్తర అనే వృద్ధ భిక్షుణి. భిక్షుణులలో పెద్దావిడను థేరి అంటారు కనుక అందరూ ఆమెను ఉత్తర థేరి అని పిలిచేవారు.

ఏటా వానలు వెనుకబట్టాక ధూమగిరిలో సభ జరిపి కొత్తవారిని ఎంచి చేర్చుకునేవారు. చేరదలచినవారు అంతకు ముందు మరొక విహారంలో ధర్మగాథలు వల్లించి ఉండాలి. ఆ విహారాలన్నిటిలోనూ ఒకే ఆచారం. తప్పులేకుండా అప్పజెప్పినవారు ముందు వరుసలో కూర్చుంటారు. తడబడినవారు వెనక్కి జరుగుతారు. అన్నిటికన్నా వెనుకది గుమ్మం వరుస. పాత విహారంలో ఏ వరుసలో ఉండేవారో ధూమగిరి సభలోనూ ఆ వరుసలోనే కూర్చోవాలి. ఎవరూ అడగరు. ఎవరూ సరిచూడరు. కూర్చున్న చోటే వారి చదువు ఎంతో చెబుతుంది.

సిరినాగది గుమ్మం వరుస.

ఆమె మందమతి కాదు. ఇల్లు విడిచి వచ్చిన కొత్తలో పాఠం ఆమె చెవికి ఎక్కలేదు. తెల్లవారుజామున అందరూ ఒకే గొంతుతో గాథలు వల్లిస్తూ ఉంటే ఆమెకు తమ్ముడి ఏడుపు వినిపించేది. వాడు పశువుల కొట్టం మీదినుంచి పడి మోచెయ్యి విరగ్గొట్టుకున్నాడు. ఊళ్లో తెలిసీ తెలియనివారెవరో కట్టు కట్టారు. ఎముక వంకరగా అతికింది. ఆ చేత్తో వాడు ముద్ద నోటిదాకా తెచ్చుకోలేడు. కట్టు కట్టిన రోజున వాడిని కదలకుండా పట్టుకున్నది సిరినాగే.

తరువాత ఆమె పట్టుదలగా చదివింది. తోటివారు మరిచిన గాథలను కూడా అందించగలిగేది. కానీ ఆ విహారంలో వెనక్కి జరగడానికి ఒక్క పూట చాలు, ముందుకు రావడానికి ఏళ్లు కావాలి. మొదట్లో పోగొట్టుకున్న చోటు ఆమెకు తిరిగి దక్కలేదు. చదువు ముగిసిందన్న నాడు కూడా ఆమె వీపుకు గుమ్మంలోని గాలి తగులుతూనే ఉంది.

ధూమగిరి ఒకసారి కాదన్నవారిని మళ్లీ పిలవదు. ఎముకల విద్య నేర్పే విహారం ఆ నది పొడవునా మరొకటి లేదు. ఈసారి దిగిపోతే ఇక జన్మంతా పాత విహారం ముంగిట చీపురు పట్టుకోవడమే.

కొండ కింద, రేవుకు ఎదురుగా, వచ్చినవారు ఆగడానికి ఒక పాక ఉండేది. సిరినాగ చేరేసరికి అక్కడ కొందరు యువభిక్షుణులు గంజి కాచుకుంటున్నారు. వారిలో పదుమ కనబడగానే ఆమె పాక బయటే ఆగిపోయింది. పదుమది కూడా ఆమె విహారమే. ఎప్పుడూ ముందు వరుసలో, గురువులకు ఎదురుగా కూర్చునేది. గాథ ఒక్కటీ తప్పేది కాదు, మాట ఒక్కటీ దాచుకునేది కాదు.

"ఏమే సిరినాగా," అన్నది పదుమ, గంజి చిప్ప ఆమె ముందుకు జరుపుతూ. "అక్కడి గుమ్మానికి కాపలా కాసింది చాలలేదా? ఇక్కడి గుమ్మం కూడా నీకే అప్పజెబుతారనుకున్నావా?"

అందరూ నవ్వారు. సిరినాగ కూడా నవ్వబోయింది. నోరు తెరిచింది గాని నవ్వు రాలేదు.

ఆ ఉదయమంతా పాకలో సభ గురించే మాటలు. గుమ్మం వరుసవారిని థేరి చివరిదాకా చూడనే చూడదని ఒకరన్నారు. చూస్తుంది గాని పేరైనా అడగదని మరొకరు చెప్పారు. కిందటేడు ఆ వరుసలో కూర్చున్న ఒక పిల్ల, సభ ముగియకముందే తనంతట తానే లేచి దిగిపోయిందట. చూసినవారెవరో మాత్రం ఎవరూ చెప్పలేదు. అయినా ఆ దిగిపోయిన పిల్ల సిరినాగ కళ్లకు కట్టింది. ఆ పిల్లకు తన ముఖమే ఉంది.

మరునాటి పొద్దున రేవులో ఉత్తర థేరి ఒంటరిగా కనిపించింది. కుండ ముంచుతున్నది. సిరినాగ మెట్ల మీద నిలబడి చేతులు జోడించి, నన్ను చేర్చుకోవడం మీ దయ అన్న మాటతో మొదలుపెట్టింది. ఆ తరువాత ఆగలేకపోయింది. తొలి ఏళ్లలో పాఠం ఎందుకు తప్పిందో చెప్పింది. తరువాత ఎంత చదివిందో చెప్పింది. తమ్ముడి సంగతి చెప్పింది. చెప్పినదే మరింత బలంగా మళ్లీ చెప్పింది. తన గొంతు తనకే అరువు తెచ్చుకున్నట్టుగా వినిపించింది. చివరకు, గుమ్మం వరుసలో కూర్చున్నవారికి ఈ కొండ మీద చోటుంటుందా అని అడిగింది.

థేరి అంతా విన్నది. కుండ నిండేదాకా విన్నది.

"నీ పేరేమిటి తల్లీ?"

"సిరినాగ అమ్మా."

"సరే," అని కుండ చంకన పెట్టుకుని థేరి కొండ ఎక్కిపోయింది.

సిరినాగ ఆ ఒక్క మాటను పాకకు తెచ్చుకుని, దాని చుట్టూ తిరుగుతూ కూర్చుంది. రమ్మన్నట్టా, ఇక చాలన్నట్టా? పదుమను అడిగితే, పెద్దవాళ్లు సరే అన్నారంటే విన్నామని మాత్రమేనని, అంతకు మించి ఆశపడవద్దని చెప్పింది. ఆ తరువాత, చెప్పి ఉండవలసింది కాదనుకున్నదో ఏమో, తన దుప్పటిలో సగం సిరినాగ వైపు జరిపింది.

సభనాడు అందరూ కలిసి కొండ ఎక్కారు. విహారశాల పొడుగ్గా, ఇటుక గోడలతో, చల్లగా ఉంది. నేలమీద వరుసలు వరుసలుగా చాపలు పరిచారు. పెద్ద భిక్షుణులు గోడ వెంబడి కళ్లు దించుకుని కూర్చున్నారు. శాలకు ఒకటే గుమ్మం. దాని పక్కన అందరూ చెప్పులు విడిచారు. ఆ చెప్పులకు ఆనుకుని ఉన్నది గుమ్మం వరుస చాప.

సిరినాగ ఆ చాప మీద ఒక పాదం పెట్టింది. అక్కడ ఇంకెవరూ లేరు. ఆ వరుసవాళ్లు ఈ ఏడు ఎవరూ రాలేదో, వచ్చి మరొకచోట కూర్చున్నారో తెలియలేదు. ఇంత పెద్ద శాలలో, చెప్పుల పక్కన, తానొక్కతె. పాదం వెనక్కి తీసుకున్నది.

రెండో వరుసలో, పదుమ వెనుక, మనిషి పట్టేంత చోటు ఖాళీగా ఉంది.

ఎలా నడిచిందో ఆమెకే తెలియదు. కూర్చున్నాక గాని తాను అక్కడ ఉన్నట్టు తెలియలేదు. పదుమ తల తిప్పి చూసింది. చూసి, నోరు తెరిచి, మళ్లీ ముందుకు తిరిగింది. ఆమె ఏమీ అనకపోవడం సిరినాగకు ఇంకా భయమనిపించింది. ఎదుట ఉన్న ఆ గుండు తల ఏ క్షణాన మళ్లీ తిరుగుతుందోనని చూస్తూ ఉండిపోయింది. మోకాళ్ల మీద పెట్టుకున్న చేతులు ఎవరివో అయినట్టు ఉన్నాయి.

ఉత్తర థేరి లోపలికి వచ్చింది. ఎవరినీ గాథ చెప్పమనలేదు. ఎముకల విద్యలో ఏమి తెలుసునని అడగలేదు. ముందు వరుస వెనుకకు వెళ్లి, ఒక్కొక్కరి వెనుకా వంగి, మెడకు రెండు వైపులా భుజాల మీద అరచేతులు ఆనించి, కొంతసేపు ఉంచి తీస్తూ ముందుకు నడిచింది. సభ అంటే అదే. చూడవలసినదంతా ఆమె చేతులతోనే చూసేది.

పదుమ దగ్గర ఆమె చేతులు ఆగాయి.

"ఊపిరి వదులు తల్లీ," అన్నది. "నిన్నెవరూ అప్పజెప్పమనలేదు."

గోడ దగ్గరి పెద్దవారు చిన్నగా నవ్వారు. పదుమ మెడ ఎర్రబడింది. తరువాత నిజంగానే ఊపిరి వదిలింది.

థేరి రెండో వరుసకు వచ్చింది. అడుగుల చప్పుడు దగ్గరవుతున్న కొద్దీ సిరినాగ వీపు కర్రలా బిగుసుకుపోయింది. చేతులు వచ్చి భుజాల మీద వాలాయి. ముసలి చేతులు. వెచ్చగా, పొడిగా, బరువు లేకుండా ఉన్నాయి. కుడి బొటనవేలు మెడ అంచు వెంట కిందికి జారి, ఒకచోట నిలిచింది. మిగిలినవారి దగ్గర ఉన్నంతసేపు ఉండి, ఇంకా ఉంది.

థేరి ఆమె చెవి దగ్గరకు వంగింది.

"నువ్వు ఇక్కడికి వచ్చావు గాని, నీ భుజాలు ఇంకా గుమ్మం దగ్గరే కూర్చుని ఉన్నాయి."

అంత మాత్రమే అన్నది. కోపంగా అనలేదు. కీలు ఎక్కడ తప్పిందో చెప్పినట్టు చెప్పి, పక్కనున్న పిల్ల భుజాల మీద చేతులు వేసింది.

ఆ మాట సిరినాగకు తప్ప ఎవరికీ వినబడలేదు. థేరి వెనుదిరిగి చూడలేదు. పదుమ కదలలేదు. ఊరుకుని కూర్చుంటే సభ అలాగే సాగిపోయేది.

సిరినాగ లేచింది.

రెండో వరుస నుంచి గుమ్మం దాకా చాపల మధ్య నడవవలసిన దారి చాలా పొడుగైనది. దించుకున్న కళ్లు కూడా ఎత్తి చూశాయి. ఎవరో పక్కవారి చెవిలో ఏదో అన్నారు. పదుమ మాత్రం తిరిగి చూడలేదు. సిరినాగ చెప్పుల పక్కన, ఖాళీ చాప మీద కూర్చుంది. బయటి గాలి వీపుకు తగిలింది. అలవాటైన గాలి. అంతసేపూ బిగపట్టుకున్నది ఏదో ఆమెలో జారి కింద పడినట్టయింది. భయం మాత్రం పోలేదు. ఇప్పుడు అందరికీ తెలిసిన భయం అది.

థేరి వరుస తరువాత వరుస చూస్తూ వచ్చింది. గుమ్మం వరుసకు ముందున్న వరుసలో ఆఖరి పిల్ల భుజాలు తాకింది. తరువాత నడుము నిటారు చేసుకుని, వచ్చిన దారినే వెనక్కి వెళ్లి తన పీట మీద కూర్చుంది.

గుమ్మం వరుసకు రాలేదు.

ఇక దిగిపోవడమే అనుకున్నది సిరినాగ. పాకలో మూట ఎక్కడ పెట్టిందో గుర్తు చేసుకుంది. ఏ పడవలో వెళ్లాలో ఆలోచించింది. ఊరు దాటేటప్పుడు తమ్ముడు ఎదురుపడితే ఏమి చెప్పాలో మాత్రం తోచలేదు. వాడు ఏమీ అడగడు. ఎడమ చేత్తో నీళ్ల చెంబు అందిస్తాడు. అదే ఆమెకు భయం.

అప్పుడే కొండ దారిలో కేకలు వినిపించాయి. ఒక స్త్రీ అరుపు, దాని మీద మగవాళ్ల గొంతులు. మంచం మోసుకుంటూ నలుగురు వచ్చారు. మగవారు శాల లోపలికి రాకూడదు కనుక మంచాన్ని గుమ్మం మీదికి జరిపి, కాళ్లవైపు బయటా తలవైపు లోపలా ఉండేట్టు దించి వెనక్కి తప్పుకున్నారు. రేవులో బట్టలు ఉతికే మనిషి. పాచిరాయి మీద జారి చెయ్యి కింద వేసి పడిందని, భుజం కీలు ఊడిపోయిందని ఆమె భర్త బయటి నుంచే ఆయాసపడుతూ చెప్పాడు. ఆమె కుడి చెయ్యి తనది కానట్టు వేలాడుతున్నది. దగ్గరకు ఎవరు కదిలినా, ముట్టుకోవద్దు, ముట్టుకోవద్దు అని ఏడుస్తున్నది.

ఉత్తర థేరి శాల పొడవునా నడిచి వచ్చి మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చుంది. ఆమెతో ఏదో మెల్లగా మాట్లాడింది. ఏ ఊరని, పిల్లలెందరని అడిగినట్టుంది. అడుగుతూనే ఆ వేలాడే చేతి మణికట్టును తన గుప్పిటిలోకి తీసుకున్నది.

"సిరినాగా," అన్నది తల ఎత్తకుండా. "ఇటు రా. ఈమె వెనుక కూర్చుని, చంకల కింది నుంచి రెండు చేతులూ పోనిచ్చి గట్టిగా పట్టుకో. నేను లాగేటప్పుడు కదలనివ్వకు."

సిరినాగ లేచి నిలబడింది. శాలంతా తన వైపే చూస్తున్నదని తెలుసు. ముందు వరుసలో పదుమ కూడా ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తున్నది. సిరినాగ తన చేతులు చూసుకున్నది. ఒకనాడు ఒక పిల్లవాడిని కదలకుండా పట్టుకున్న చేతులవి.

"అమ్మా," అన్నది. "నాకు భయంగా ఉంది."

"ఈమెకూ భయంగానే ఉంది," అన్నది థేరి. "పట్టుకో."