జిల్లేడాకు పెట్టుకున్న కాపలాదారు

ఓబులమిట్ట కల్లంలో జంతువులకు అన్నీ ఉండేవి, తలుపులతోనే తిప్పలు. కోళ్లగూడు, గొర్రెలదొడ్డి, ధాన్యపు గాదె, అన్నిటి తలుపులనూ ఒకటే ఫ్రేమ్‌వర్క్, అంటే తెరిచి మూసే యంత్రాంగం, నడిపేది. దాన్ని తయారుచేసింది సీతాలు అనే ఉడుత. కాపలాదారు పేరు చెక్క మీద పళ్లతో కొరికి రాస్తేనే తలుపు తెరుచుకునేది. కాపలా మారినప్పుడల్లా సీతాలు పన్నెండు తలుపులెక్కి పన్నెండుసార్లు కొరకాలి. పాపం, ముందుపళ్లు సగానికి అరిగాయి.

అందుకే కొత్త వెర్షన్ తెచ్చింది. దాని ఫీచర్లు వివరిస్తాననీ, ఎవరైనా రావచ్చనీ కల్లమంతా చాటింపు వేయించింది. తీరా అందరూ వచ్చి కూర్చున్నాక చెప్పాల్సిన మొదటి మాటే మరిచిపోయింది. ముందు వరసలో గోగులమ్మ అనే పెట్ట, తన తోటి పెట్టలతో. వాళ్లకు అండగా, గుంజకు కట్టేసి ఉన్న ముసలి ఎద్దు పోలయ్య. బాగా వెనక, బుద్ధిమంతుడిలా తోక చుట్టుకుని నక్క జంబులయ్య. ఎవరైనా అంటే నక్క కూడా ఎవరైనాలోకే వస్తుందని సీతాలుకు తట్టలేదు.

గొంతు సవరించుకుని మొదలుపెట్టింది. ఇకమీదట పేర్లు రాసే పని లేదంది. చెవికి జిల్లేడాకు తగిలించుకుని ఎవరు తలుపు ముందుకొస్తే వాళ్లనే ఫ్రేమ్‌వర్క్ కాపలాదారుగా గుర్తుపట్టి లోపలికి పంపుతుందంది. పెట్టలు రెక్కలు కొట్టాయి. సీతాలుకు ధైర్యం వచ్చింది, కాస్త ఎక్కువే వచ్చింది.

"చిన్న సందేహం తల్లీ," అన్నాడు జంబులయ్య, ఎంతో వినయంగా. "ఆ ఆకు ఎవరు పెట్టుకున్నా సరేనా?"

"ఎవరైనా సరే బాబాయ్. దానికి మొహాలు తెలీవు, ఆకే తెలుసు."

మాట నోరు దాటాక దాని అర్థం సీతాలు చెవిలో పడింది. తోక కర్రలా బిగుసుకుపోయింది. ఆ కొత్త వెర్షన్‌ను పొద్దున్నే కోళ్లగూటికి ఎక్కించేసింది. గూట్లో గోగులమ్మ పిల్లలు పదకొండు నిద్రపోతున్నాయి.

తలెత్తేసరికి వెనక వరస ఖాళీ. కంచె దగ్గర జిల్లేడు పొద కదులుతోంది.

అరుద్దామా అంటే, అరిచిన మరుక్షణం పెట్టలన్నీ పిల్లల కోసం గూటివైపే పరిగెడతాయి, నేరుగా నక్క నోటికి. పోలయ్య తాడు అంతదూరం అందదు. పాత వెర్షన్ తిరిగి ఎక్కించాలంటే పూట పడుతుంది. మిగిలింది ఒకటే. కోళ్లగూటి పక్కనే, కొత్త పనులు సరిచూసుకోడానికి సీతాలు కట్టుకున్న టెస్టు గూడు ఉంది; ఖాళీది, దానికీ కొత్త వెర్షనే. పుల్లపుల్లా ఒకేలా ఉంటుంది. బావివైపుది కోళ్లది, కంచెవైపుది టెస్టుది. బోర్డులు పెట్టమని పోలయ్య నెల నుంచీ చెబుతున్నాడు. రేపు పెడతానని సీతాలు నెల నుంచీ అంటోంది.

"ఒక సంగతి మరిచా," అంది, పొదకు వినపడేలా. "పిల్లలు పడుకున్నది కంచెవైపు గూట్లో. బావివైపుది ఉత్త టెస్టు గూడు, గాలి తప్ప ఏమీ లేదు."

గోగులమ్మ మెడ సాచింది. "అదేంటమ్మాయ్, మన గూడు..."

పోలయ్య రంకె వేశాడు. ఎందుకు వేశాడో అతనికీ సగమే తెలుసు, కానీ ఉడుత మొహం చూసి వేశాడు. మిగతా మాట ఆ రంకెలో కొట్టుకుపోయింది.

జంబులయ్య బయటికొచ్చాడు. చెవికి పచ్చటి జిల్లేడాకు, మొహాన ఉద్యోగస్తుడి గాంభీర్యం. రెండు గూళ్ల మధ్య ఆగి అటూ ఇటూ వాసన చూశాడు. ఇప్పుడు సీతాలుకు ఇంకో అనుమానం పట్టుకుంది: కోళ్లది నిజంగా బావివైపు గూడేనా? పిల్లల్ని పడుకోబెట్టింది ఏ గూట్లో? ఎంత గుర్తుచేసుకున్నా కళ్లముందు ఒకేలాంటి రెండు తలుపులే కనిపిస్తున్నాయి.

నక్క కంచెవైపు తిరిగాడు. తలుపు మర్యాదగా తెరుచుకుంది. లోపలికెళ్లాడు. తలుపు అంతే మర్యాదగా మూసుకుంది.

అప్పుడు బావివైపు గూట్లోంచి ఒక కోడిపిల్ల ఆవలించినట్టు కియ్యిమంది. బతికాం అనుకుని సీతాలు ఆ తలుపు దగ్గరికి పరిగెత్తింది.

కాసేపటికి కంచెవైపు గూట్లోంచి గోళ్లతో గీకిన శబ్దం. "తల్లీ, లోపల ఎవరూ లేరేంటి? పోనీ, బయటికి రావడం ఎలా?"

"అది ఇంకా తయారు కాలేదు బాబాయ్," అంది సీతాలు. "లోపలికెళ్లే ఫీచర్ ఒక్కటే అయింది."

పెట్టలకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. సీతాలు దాచకుండా తప్పు ఒప్పుకుంది. గోగులమ్మ తిట్టాల్సినన్ని తిట్లూ తిట్టి, బావివైపు తలుపు కింద బైఠాయించింది. ఉడుత అప్పటికప్పుడే ఆ తలుపు చెక్కెక్కి, అరిగిన పళ్లతో పాత కాపలాదారు పేరు కొరకడం మొదలుపెట్టింది.

కొత్త సదుపాయాన్ని పొగిడేముందు, అది విని ఎవరు లొట్టలేస్తున్నారో ఒకసారి చూసుకోవాలి.