తీతువు చెప్పని తావు

ఈ కథ నాకు మొదట చెప్పినవాడు కురుబ బీరప్ప. గొర్రెల వెనక బతుకంతా నడిచినవాడు. కంటితో చూడనిది నోటితో అనేవాడు కాదు. అందుకే ఆయన చెప్పింది చెప్పినట్టే చెబుతున్నాను. ఒక్క మాట కలపలేదు, ఒక్క మాట మింగలేదు.

గుట్ట కింద రాళ్ళ బీడు. గడ్డి తక్కువ, గులకరాళ్ళు ఎక్కువ. ఎండాకాలం వచ్చిందంటే నేల పెనంలా కాలిపోతుంది. అయినా అక్కడా బతికేవాళ్ళు ఉన్నారు. రేగు పొదల్లో కుందేలు ఉంది. గుట్ట మొదట్లో ఎక్కడో నక్క ఉంది. అరక లాగలేక రైతు వదిలేసిన ముసలి ఎద్దు ఉంది. బీడులో తగువులు తీర్చేది ఆ ఎద్దే. ఎవరు ఏం చెప్పినా తల ఊపుతూ ఓపిగ్గా వినేది కాబట్టి దానికి పెద్దరికం వచ్చింది. వినడం వేరు, న్యాయం చెప్పడం వేరు. ఆ తేడా బీడులో ఎవరికీ తట్టలేదు.

ఆ రాళ్ళ మధ్యనే తీతువు జంట కాపురం. తీతువు పుల్లా పుడకా ఏరి గూడు కట్టదు. ఉత్త నేల మీద, గులకరాళ్ళ మధ్య గుడ్లు పెడుతుంది. రాయి ఏదో గుడ్డు ఏదో పక్కన నిలబడి చూసినా తేలదు. గుడ్లు నాలుగు. అయిదని ఎవరైనా అంటే వాడు బీడు మొహం చూడనివాడు.

గుడ్ల దగ్గర తీతువు నోరు విప్పదు. ఎవరైనా వస్తున్నారంటే చప్పుడు లేకుండా లేచి, దూరం నడిచి, అక్కడ గొంతు చించుకుని అరుస్తుంది. వచ్చినవాడు అరుపు దగ్గరికి పోయి వెతుకుతాడు. అక్కడేముంటుంది, రాళ్ళు. వాడు మరీ మొండివాడైతే రెక్క విరిగినట్టు నేల మీద ఈడ్చుకుంటూ, ఇదిగో దొరికాను, అదిగో దొరికాను అన్నట్టు ఇంకా అవతలికి లాక్కుపోతుంది. ఆ అరుపు విని మనవాళ్ళు అపశకునం అంటారు. బిడ్డల కోసం తల్లి పెట్టే కేక అపశకునమట! అన్నవాళ్ళకు సిగ్గుండాలి.

ఈ విద్య ముందు నక్క ఏటేటా ఓడిపోయింది. ఎండలో నాలుక వేలాడేసుకుని బీడంతా తిరగడం, ఉత్త కడుపుతో ఇంటికి పోవడం. నవ్వినవాళ్ళు నవ్వారు. నక్క మాత్రం నవ్వలేదు.

ఆ ఏడు మనుషులు గుట్ట మీద సెల్లు టవరు నిలబెట్టారు. టవరుకు రంగు ఆరకముందే నక్క రేగుచెట్టు కింద అంగడి తెరిచింది. రేగుపండంత సెల్లు, దానికొక అద్దం, మెడకు కట్టుకోవడానికి దారం. అద్దంలో బీడు బొమ్మ కనబడుతుంది. సెల్లు కట్టుకున్నవాళ్ళు ఎక్కడుంటే అక్కడ చుక్క వెలుగుతుంది. దీన్ని నక్క ఊరికే ఇస్తానంది. నక్క ఊరికే ఇస్తానన్నప్పుడే అందరూ లేచి వెళ్ళిపోవాలి. ఎవరూ లేవలేదు.

కుందేలు అందరికంటే ముందు కట్టించుకుంది.

"చూడు వదినా," అంటూ తీతువు ముందు మెడ తిప్పి చూపించింది. "నేను యాడుంటే ఆడ చుక్క. గుట్ట అవతల మా అక్క కూర్చున్నచోటే చూసుకుంటాది. ఎంత ముచ్చటగా ఉందో!"

"అక్క చూస్తే సరే. ఇంకెవరైనా చూస్తేనో?"

"చూస్తే చూడనీ. నేనేమన్నా దొంగతనం చేస్తున్నానా, దాచుకోవడానికి?"

నక్క చెవులు నిక్కించి వింటోంది. తీతువును చూసి గొంతులో బెల్లం కలుపుకుంది.

"తీతమ్మా, నీ కష్టం నాకు తెలీదా తల్లీ? ఈ ఎండకు దగ్గరి గుంటలన్నీ ఎండిపాయె. మీ ఆయన నీళ్ళకు వంక దాకా పోవాల్సొస్తా ఉంది."

అది నిజమే. ఎండాకాలం తీతువుల పని అట్లా ఉంటుంది. ఒకరు గుడ్లకు నీడగా కూర్చుంటే, ఇంకొకరు నీళ్ళకు పోయి పొట్ట ఈకలు తడుపుకుని వచ్చి, ఆ తడితో గుడ్లు చల్లబరచాలి. తర్వాత రెండోవాళ్ళు పోవాలి. మొగుడు వంకకు పోయి ఆలస్యమైతే పెళ్ళాం ప్రాణం గిలగిలలాడేది. దారిలో డేగ పట్టిందా, కుక్క తరిమిందా, ఏమీ తెలియదు. లేచి చూద్దామంటే గుడ్లు ఉడికిపోతాయి. కేక వేద్దామంటే తావు బయటపడుతుంది.

"ఇది కట్టుకున్నావనుకో," అంది నక్క, "మీ ఆయన యాడున్నాడో నీకు తెలుస్తాది. నువ్వు యాడున్నావో ఆయనకు తెలుస్తాది. గొంతెత్తే పనే లేదు."

తీతువు తొందరపడలేదు. ఈ సంగతి అందరూ బాగా వినాలి. తొందరపడలేదు.

"నా చుక్క మా ఆయనకు తప్ప ఇంకెవరికి కనబడుతుంది?"

"ఇంకెవరికి కనబడాల తల్లీ? మొగుడూ పెళ్ళాల మధ్య దూరేంత పాపిష్టోడినా నేను?"

"నువ్వు చూడవా?"

"అంగడి పనితోనే నాకు తల తిరుగుతా ఉంది. చుక్కలు చూస్తా కూర్చుంటానా?"

మగ తీతువు ముందుకు వచ్చింది. "అడిగినదానికి అవుననో కాదనో చెప్పు మామా. చుట్టూ తిప్పొద్దు."

"చూడను. చూడనంటే చూడను. సరేనా అల్లుడూ?"

అద్దం మీద చీమల బారులాగా ఏవో అక్షరాలు కిందికి దిగుతూనే ఉన్నాయి.

"ఇదేంది?" అంది తీతువు.

"అన్నీ మంచి మాటలే. చివర 'ఒప్పుకుంటున్నాను' అని ఉంటాది. దాని మీద ముక్కు ఆనించు, చాలు."

"చదివి వినిపించు."

"అంతా చదివితే పొద్దు గూకుతాది. అక్కడ నీ పని నీకుంటాది కదమ్మా. ఎండ చూడు ఎట్ల కాస్తా ఉందో."

బీడులో చదువు వచ్చింది నక్క ఒక్కదానికే. చదువు రాకపోవడం తప్పు కాదు. చదువు రానివాళ్ళ ముందు చీమల బారు పెట్టి, ఎండను చూపించి, ముక్కు ఆనించమనడం తప్పు. ఇది నేను ఎవరి ముందైనా అంటాను.

గుడ్లు కాలుతున్నాయన్న బెంగతో తీతువు ముక్కు ఆనించింది.

కొన్నాళ్ళు బాగానే గడిచింది. మొగుడి చుక్క వంక దగ్గర కనబడితే పెళ్ళాం నిమ్మళంగా కూర్చునేది. చుక్క కదిలి ఇటు వస్తుంటే ముందే లేచి సర్దుకునేది. "ఎంత సుఖం పెట్టినాడయ్యా నక్క మామ," అని మెచ్చుకుంది కూడా. పాపం, మెచ్చుకుంది.

అక్కడ బొరియలో నక్క పెద్ద అద్దం ముందు బోర్లా పడుకుని చుక్కలు చూస్తోంది. కుందేలు చుక్క గంతులేస్తోంది. ఎద్దు చుక్క మెల్లగా నడుస్తోంది. బీడంతా చుక్కలే, అన్నీ కదులుతున్నాయి. మిట్టమధ్యాహ్నం, పురుగు కూడా నీడకు పారిపోయే వేళ, ఒక్క చుక్క మాత్రం ఎర్రటి ఎండలో ఉన్నచోటనే ఉంది. నిన్నా అక్కడే, ఈరోజూ అక్కడే.

తీతువు ఒక్క మాట చెప్పలేదు. చెప్పే అవసరం లేకుండా చేసింది నక్క.

మగ తీతువు వంకకు పోయిన సమయం చూసి నక్క బయలుదేరింది. తీతువు దూరం నుంచే చూసింది. ఎప్పటిలాగే చప్పుడు లేకుండా లేచి, అవతలికి నడిచి, గట్టిగా అరిచింది. నక్క తల తిప్పలేదు. ఇంకా గట్టిగా అరిచింది. నక్క చెవి కూడా కదపలేదు. రెక్క వాల్చి, దుమ్ములో ఈడ్చుకుంటూ నక్క కాళ్ళ ముందు నుంచే పోయింది. నోటికి అందేంత దగ్గరగా పోయింది.

నక్క నిలబడి నవ్వింది.

"లే తల్లీ, లే. దుమ్మంటుకుంటాది. నీ నాటకం ఏటేటా చూసినోడినే కదా. ఈసారి నాకు ఆటతో పని లేదు. ఆ చీలిన రాయికి ఇవతల కదూ, నువ్వు కూర్చునేది?"

తీతువు రెక్క అట్లాగే నేల మీద ఉండిపోయింది. వాళ్ళమ్మ నేర్పిన విద్య, వాళ్ళమ్మకు వాళ్ళమ్మ నేర్పిన విద్య, ఒక్క అద్దం ముందు పనికిరాకుండా పోయింది. తర్వాత అది ఎగిరి నక్క నెత్తి మీద పొడిచింది, కళ్ళ మీద కొట్టింది. నక్క కళ్ళు మూసుకునే తిన్నది. తావు తెలిసినవాడికి కళ్ళతో పనేముంది?

మగ తీతువు వంక నుంచి వచ్చింది. పొట్ట ఈకలు తడిసి నీళ్ళు కారుతున్నాయి. అలవాటు కొద్దీ వచ్చి ఆ చోటనే వాలింది. తడి పెంకులకు తగిలింది.

పొద్దు వాలేటప్పటికి తగువు రేగుచెట్టు కింద ఎద్దు ముందుకు వచ్చింది. బీడంతా చేరింది. నక్క మూతి తుడుచుకునే వచ్చింది. దాని మొహంలో బెరుకు ఇసుమంత లేదు.

"నేను దొంగతనం చేయలేదు పెద్దాయనా," అంది. "అంగడివాడు చుక్కలు చూడొచ్చని అడుగున రాసే ఉంది. ఆమె ముక్కు ఆనించి ఒప్పుకుంది. ఒప్పుకున్నాక చూసినాను. చూసినాక పోయినాను. పోయినాక ఆకలేసింది."

ఎద్దు తల ఊపింది. "ఒప్పుకున్నావామ్మా?"

"మా ఆయనకు తెలియడానికి ఒప్పుకున్నా."

"ఒప్పుకున్నావు కదా మరి."

"నేను అడిగినాను తాతా! నువ్వు చూస్తావా అని నోరు తెరిచి అడిగినాను. చూడనన్నాడు. మా ఆయన కూడా అడిగినాడు. చూడనంటే చూడనన్నాడు."

"నోటి మాట నోటి మాటే," అంది నక్క. "రాత రాతే."

కుందేలు మధ్యలో దూరింది. "అయిందేదో అయింది వదినా. చుక్కలో తప్పేముంది? తప్పు లేనివాళ్ళకు దాపరికం ఎందుకంట?"

ఆ మాట అన్నందుకు కుందేలు కనబడితే నేను ఇప్పటికీ మొహం తిప్పుకుంటాను.

తీతువు ఏడవలేదు. మెల్లగా నక్క ఎదుటికి నడిచింది.

"సరే మామా. రాతే గెలిచింది అనుకుందాం. మా అందరి చుక్కలు నీ అద్దంలో ఉన్నాయి. నీ చుక్క మా అద్దాల్లో లేదే?"

"అంగడివాడికి చుక్కెందుకు?"

"నువ్వూ ఈ బీడువాడివే కదా. దొంగవు కూడా కాదని ఇప్పుడే చెప్పినావు. నీ బొరియ యాడుందో చెప్పు. అందరూ ఉన్నారు, విని పోతాం."

నక్క అటూ ఇటూ చూసింది. "అది మా ఇంటి సంగతి."

"చెప్పు మామా," అంది కుందేలు అమాయకంగా. "చెబితే నీదేం పోతాది?"

ఎద్దు కూడా తల ఊపింది. "అవునప్పా, చెబితే ఏం పోతాది?"

నక్కకు ఒళ్ళు మండిపోయింది. "ఏం పోతాదా? బొరియలో నా కూనలు ఉన్నాయి! ఊరి కుక్కలు వాసన పట్టుకుని తిరుగుతా ఉన్నాయి. తావు నలుగురికీ తెలిస్తే నా పిల్లలు మిగులుతాయా? చెప్పుకోవడానికి నేనేమన్నా పిచ్చోడినా?"

అన్నాక గానీ తాను ఏమన్నదో దానికి తెలియలేదు.



"నాకూ ఉండేవి మామా," అంది తీతువు.

కుందేలు మొహం పాలిపోయింది. దాని పిల్లలు ఏ పొదలో ఉన్నాయో చుక్క రోజూ చెబుతూనే ఉందని అప్పుడు గుర్తొచ్చింది. దారాన్ని పళ్ళతో పుటుక్కున కొరికి, సెల్లును నక్క కాళ్ళ ముందు ఉమ్మేసి, పొదల వైపు ఒకటే పరుగు. దాని వెనకే ఒక్కొక్కరు దారాలు తెంపారు. రేగుచెట్టు కింద సెల్లుల కుప్ప పడింది. నక్క ఇంటికి పోయి అద్దం చూసుకుంది. చుక్కలన్నీ ఒకేచోట, తన అంగడి దగ్గరే, కదలకుండా వెలుగుతున్నాయి. ఇక ఆకలేస్తే ఎండలో తిరగాలి, నాలుక వేలాడేసుకుని, ముందటిలాగే. పైగా కూనలున్న సంగతి తన నోటితోనే చాటుకుంది. వాటిని ఒక్కొక్కదాన్నే నోట కరుచుకుని గుట్ట అవతలికి మార్చుకోవలసి వచ్చింది.

ఎద్దు తీర్పు ఏమిటో తెలుసా? నక్క అంగడి తీసెయ్యాలట, తీతువు ఇకమీద జాగ్రత్తగా ఉండాలట. ఇద్దరిదీ తప్పుందట. ఇద్దరిదీనట! గుడ్లు తిన్నదానికీ, గుడ్లు పోగొట్టుకున్నదానికీ ఒకే తూకం వేసి, తల ఊపుకుంటూ మేతకు పోయింది. అందరూ పెద్దమనిషి అన్నారు.

తీతువు ఆ ఎండాకాలంలోనే మళ్ళీ నాలుగు గుడ్లు పెట్టింది. ఎక్కడ పెట్టిందో బీరప్పకు తెలుసు. నేను అడిగాను. చెప్పలేదు. అప్పుడు నాకు కోపం వచ్చింది. ఇప్పుడు ఆయన మీద గౌరవం ఇంకా పెరిగింది.

నీతి ఒకటే: నా తావు నావాడికి చెప్పుకున్నానంటే లోకానికి చెప్పినట్టు కాదు, అట్లా అర్థం తీసి లోపలికి దూరేవాడే దొంగ.

చివరగా ఒక మాట. మొన్న మా ఊరి బడి గోడ మీద ఈ కథకు బొమ్మ వేశారు. బొమ్మ బాగానే ఉంది. కింద రాసినదాన్ని అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివాను: "నోరు జారిన తీతువు." ఆ తీతువు నోరు జారలేదు. అడగవలసినదంతా అడిగింది, దానికి అబద్ధం జవాబుగా వచ్చింది. నేనే పోయి చెరిపేద్దామంటే నిచ్చెన ఎక్కే కాళ్ళు కావు నావి, రాస్తే వంకర పోతుంది. చేతిరాత చక్కగా ఉన్నవాళ్ళు ఎవరైనా పోయి, ఆ మాటకు సున్నం కొట్టి, "నక్క అబద్ధమాడింది" అని రాయండి. అక్షరాలు పెద్దవిగా ఉండాలి.