గోడ వార వదిలిన పిడుదులు

చిదంబరస్వామిని ప్రశ్న అడగడమంటే పని కొనితెచ్చుకోవడమే. ఆశ్రమంలో ఆ సంగతి అందరికీ తెలుసు. తెలిసి తెలిసీ శిష్యుడు నాగలింగం అడిగాడు, దయకు హద్దంటూ ఉంటుందా అని. స్వామి అతనికి పని అప్పజెప్పాడు. కొట్టంలో కపిల అనే ఆవు పిడుదులు పట్టి చిక్కిపోతోందని, పైగా చూలుతో ఉందని, వెళ్ళి దాన్ని చూసుకొమ్మని పంపాడు.

నాగలింగం మంచివాడు. అవసరానికి మించి మంచివాడు. చీమనైనా చంపనని దీక్ష పట్టాడు. ఆవు చెవుల్లో, పొదుగు పక్కన, తోక కింద నెత్తురు తాగి శనగగింజల్లా ఉబ్బిన పిడుదులను ఒక్కొక్కటే లాగి, చంపడానికి చేతులు రాక, గోడ వార గడ్డిలో మెల్లగా వదిలేవాడు. నెల తిరిగేసరికి ఆవు ఒంటిమీద వేలు పెట్టే సందు లేదు. కపిల మేత మానేసి కూలబడింది. తన చేతుల్లోనే తల్లీ బిడ్డా పోతారేమోనని నాగలింగానికి భయం పట్టుకుంది.

పేడ ఎత్తడానికి పక్క ఊరి నుంచి వచ్చే ఓబులమ్మ గోడ పగుళ్ళలో పుల్ల పెట్టి కెలికింది. కుప్పలుగా గుడ్లు రాలాయి.

“తాగి బలిసినవాటిని తెచ్చి పురిటిగదిలో పడుకోబెట్టినావు కదా సామీ,” అంది. ఆమె నవ్వలేదు.

నాగలింగం ఆ పూట జపం మానేశాడు. నలుగురిని పిలిచి ఆవును వేరే పాకలోకి మార్పించాడు. కొట్టంలో గడ్డినంతా ఊడ్చి తగలబెట్టాడు. పగుళ్ళలో సున్నం కూరి గోడలు మెత్తాడు. పీకిన ప్రతి పిడుదునూ మరిగే నీళ్ళలో వేశాడు. మొదటిదాన్ని వేసినప్పుడు కళ్ళు మూసుకున్నాడు, తర్వాత మూసుకోలేదు. ఓబులమ్మ గంజి కాచి ఆవుకు పట్టేది. ఆరో పొద్దున కపిల తనంతట తాను లేచి నిలబడి, ఆశ్రమం అదిరేలా అరిచింది. మరో పదిరోజులకు ఎర్రటి పెయ్యను ఈనింది.

నాగలింగానికి ఆనందం పట్టలేదు. పెయ్యను భుజాలకెత్తుకుని, వంటశాల ముందునుంచీ పూలతోట మీదుగానూ ఊరేగించి, ఎదురొచ్చిన ప్రతివాడికీ చూపించి, స్వామి ముందు దించాడు. అంత సంబరంలోనూ దీక్ష గుర్తొచ్చి చేతులు జోడించాడు.

“స్వామీ, ఇన్ని ప్రాణాలు తీశాను. ప్రాయశ్చిత్తం చెప్పండి.”

స్వామి పెయ్య నుదురు నిమిరాడు.

“మొదటి నెల చూపిన దయకి చేసుకో నాయనా,” అన్నాడు.