చుక్కన్న తాంబూలం

వెనకటికి ఒక రాజ్యంలో కథలు చెప్పేవాళ్లకు ఓ కట్టుబాటు ఉండేది. కథానాయకుణ్ణి ఎవరిని చూసి అల్లారో, కథ ముగిశాక వాళ్లకు అందరి ముందూ తాంబూలం ఇవ్వాలి.

గవరమ్మ అల్లిన చుక్కన్న దొంగల్ని పట్టడంలో దిట్ట. ఉరికంబం ఎక్కబోయే అమాయకుణ్ణి అతను కాపాడే కథకి ఊళ్లకు ఊళ్లే చెవులొగ్గేవి. చివరికి రాజుగారే ఆమెను కొలువుకు పిలిపించి విన్నారు.

కథ ముగియగానే కొత్వాలు భుజంగం మీసం దువ్వాడు. "చుక్కన్న అంటే నేనే ప్రభూ! ఈ రాజ్యంలో దొంగల్ని పట్టేది ఇంకెవరు?" అంటూ చెయ్యి చాచాడు.

గవరమ్మ కొడుకు పోలయ్యను ఉరికంబానికి ఈడ్చుకెళ్లింది ఆ చెయ్యే. కుర్రాణ్ణి ఉరి తీశాక గానీ అసలు దొంగ దొరకలేదు. అయినా తాంబూలం ఆ చేతిలోనే పెట్టింది.

"నిజమే ప్రభూ, వీరిని చూసే అల్లాను. నా పోలిగాణ్ణి పట్టుకున్ననాడు వీరు చెయ్యనివన్నీ చుక్కన్నతో చేయించాను. వీరు చుట్టుపక్కల ఎవర్నీ అడగలేదు, చుక్కన్న అడిగాడు. దొంగ వేసిన కన్నంలోకి వీరు తొంగి చూడలేదు, చుక్కన్న వంగి చూశాడు. నా బిడ్డ చెప్పుకోబోతే వీరు నోరు నొక్కారు, చుక్కన్న పక్కన కూర్చుని విన్నాడు."

కొత్వాలు కాదందామంటే, చుక్కన్న తానేనని చెప్పుకుంది తనే కదా!

రాజుగారు అక్కడికక్కడే అతని తలపాగా తీయించి, "అమ్మా, కథలో ఆ కుర్రాడు ప్రతిసారీ బతుకుతాడా?" అని మెల్లగా అడిగారు.

"బతుకుతాడు ప్రభూ. అందుకే కథ అయ్యాక ఇంటికి పోవాలంటే కాళ్లు రావు."