తోకచుక్క కొలువు

కనకగిరి రాజు వీరకంపరాయలు ఒక సాయంత్రం మేడ మీద తాంబూలం నములుతుంటే పడమటి ఆకాశంలో తోకచుక్క కనిపించింది. నమలడం ఆగిపోయింది.

"ఇదెక్కడిది? ఎందుకొచ్చింది? రేపు సభలో ఎవరో ఒకరు చెప్పి తీరాలి!" అన్నాడు.

జ్యోతిష్కుడు మార్తాండ సిద్ధాంతికి కావలసింది అదే. రాజును నవ్వించి బతికే విదూషకుడు ఓబళయ్య అంటే ఆయనకు ఒళ్లుమంట. మర్నాడు జరీ ఉత్తరీయం వెనక నేలమీద జీరాడుతుండగా ఠీవిగా సభకు వచ్చాడు.

"ప్రభూ, దాని తోక తూర్పును చూపిస్తోంది. అది చూపిన దిక్కున రాజద్రోహి ఉంటాడు. వాడి ఇల్లు కూల్చితే గాని అరిష్టం పోదు."

కోటకు తూర్పున ఉన్నది ఓబళయ్య ఇల్లొక్కటే. పాపం, మొన్ననే పెంకులు వేయించుకున్నాడు. అయినా ఓబళయ్య చేతులు కట్టుకుని అడిగాడు.

"సిద్ధాంతిగారూ, రేపు తోక ఇంకో దిక్కు చూపిస్తే?"

"అటున్న ఇల్లే కూల్చాలి! తోక అబద్ధమాడుతుందటోయ్?"

"ప్రభూ, ఈ మాట గుర్తుంచుకోండి. ఆ చుక్క పూర్తిగా వెళ్లిపోయేదాకా నాకు గడువివ్వండి."

రాజు సరేనన్నాడు. గునపాలు పట్టుకున్న పనివాళ్లు మాత్రం ఓబళయ్య వాకిట్లోనే మకాం పెట్టారు.

"ఇల్లు పోతే ఆవకాయ జాడీలు ఎక్కడ పెట్టుకోను?" అని భార్య లచ్చమ్మ లబలబలాడింది.

"వాటి జోలికి పోకు. తోక తిరుగుతుంది," అన్నాడు ఓబళయ్య. పైకి అన్నాడే గాని, ఆ పూట ముద్ద దిగలేదు.

రోజూ పొద్దుగుంకగానే దొడ్లో నిలబడి చూసేవాడు. చుక్క తల సూర్యుడి వైపు జారుతోంది. తోక మాత్రం ఎప్పుడూ సూర్యుడికి అవతలి వైపే చూపిస్తోంది. చివరికి ఒకనాడు చుక్క కనిపించలేదు.

"నేను చేసిన హోమానికి జడిసి పారిపోయింది! ఇక ఇల్లు కూల్చండి!" అని సిద్ధాంతి చంకలు గుద్దుకున్నాడు.

"సూర్యుడి కొలువులోకి వెళ్లినవాడు బయటికి రావద్దా, ప్రభూ? ఇంకొన్నాళ్లు ఓపిక పట్టండి," అన్నాడు ఓబళయ్య.

అన్నట్టే కొన్నాళ్లకు, తెల్లవారబోతుండగా, చుక్క తూర్పున పొడిచింది. ఈసారి తోక పడమటికి చూపిస్తోంది. పడమట ఉన్నది సిద్ధాంతిగారి కొత్త మేడ! పనివాళ్లు గునపాలు భుజాన వేసుకుని అటు బయలుదేరారు.

సిద్ధాంతి పరుగున వచ్చి రాజు కాళ్ల మీద పడ్డాడు. "ప్రభూ, తోక దిక్కు చూపించడమేమిటి! ఓబళయ్య మీద అక్కసుతో అన్నాను, మేడ కాపాడండి!"

రాజు ఓబళయ్య వైపు తిరిగాడు. "మరి తోక ఎందుకు తిరిగిందయ్యా?"

"అది వెలుగు సరిగా అందని చలిదేశం నుంచి సూర్యుడి కొలువుకు వచ్చింది ప్రభూ. దర్శనం చేసుకుని మళ్లీ అక్కడికే పోతోంది. వచ్చేటప్పుడు తోక వెనక, పోయేటప్పుడు తోక ముందు."

"పోయేటప్పుడు ముందెందుకు?"

"తమ ముందు నుంచి మేమంతా వెనక్కి వెనక్కి నడుస్తూ పోవడం లేదూ? సూర్యుడికి మాత్రం వీపు చూపిస్తుందా, ప్రభూ?"

రాజు పగలబడి నవ్వాడు. "ఆ పనివాళ్లను వెనక్కి పిలవండి! ఓబళయ్య ఇంటి మీద మేడ కట్టమనండి, ఖర్చు సిద్ధాంతిగారిది! ఇక తమరు దయచేయండి, సిద్ధాంతీ."

సిద్ధాంతి వంగి దండం పెట్టి, ఆనవాయితీ ప్రకారం వెనక్కి వెనక్కి నడుస్తూ, జీరాడే ఉత్తరీయాన్ని తానే తొక్కుకుని గడప దగ్గర వెల్లకిలా పడ్డాడు.

"చూశారా ప్రభూ," అన్నాడు ఓబళయ్య, "ఆ చుక్కకు తోక సర్దుకోవడమైనా తెలుసు!"