ఆరు తెల్ల గులకరాళ్ళు

తుమ్మలబయల్లో నాలుగు రోజుల్లో ఆరు జీవాలు మాయమయ్యాయి. మొదట ఒక ముసలి గొర్రె. తర్వాత రెండు దుప్పులు. ఆ పైన ఎవరూ నోరు విప్పి లెక్క పెట్టలేదు. పెడితే తమ వంతు ఎప్పుడో తెలిసిపోతుందని భయం.

అసలే అక్కడ గిట్టలు కుళ్ళే జబ్బు. దానికి ఏటి అవతలి అడవిలో ఒక మందు పనిచేసిందట. అయితే అవతల ఇసుక నేల, ఇక్కడంతా బురద. ఇక్కడి గిట్టలకు పనిచేస్తుందో లేదో ఇక్కడే చూడాలని మడుగులోని తాబేలు పూనుకుంది. అది గట్టెక్కి తిరగలేదు కాబట్టి, వైద్యం తెలిసిన కొంగ దొప్పల్లో మందు మోసుకొచ్చేది.

మొదటిరోజే కొంగ ఏదీ దాచకుండా చెప్పింది. "జబ్బుపడ్డ మీ ఇరవైమందిలో పదిమందికి మందు కలిపిన కాకరాకు రసం. పదిమందికి ఉత్త కాకరాకు రసం. ఎవరిది ఏదో నాకూ తెలీదు, తాబేలుకే తెలుసు. వద్దనుకుంటే ఏ రోజైనా మానుకోవచ్చు."

ఐదో రోజు పొద్దున కొంగ దొప్పలు దించితే తాగడానికి ఒక్కరూ నోరు తెరవలేదు.

"తాగండమ్మా, తాగండి!" పొదలోంచి నక్క బయటికొచ్చింది. "ఆ ఆరుగురూ తాగే కదా పోయారు. నా కళ్ళతో చూశాను. నోట్లోంచి నురగ! మందు పేగులు కాల్చేసింది."

"శవాలేవి?" అని అడిగింది బొల్లిమేక. దాని ముందుకాలి గిట్ట కుళ్ళిపోయింది. మూడు కాళ్ళ మీద నిలబడింది.

"చూస్తే తట్టుకోలేవు వదినా. నేనే పూడ్చేశాను. నాకైనా జాలి ఉండొద్దూ?" నక్క గొంతు తగ్గించింది. "నాతో రండి. ఎర్రలోయలో ఊట ఉంది, కాలు ముంచితే చాలు. దారి ఇరుకు, ఒక్కొక్కరే రావాలి. ముందు కుంటేవాళ్ళు. వదినా, మొదట నువ్వే."

మంద నక్క వైపు ఒక అడుగు జరిగింది.

"నా చేత్తో విషం పోశానా?" అంటూ కొంగ దొప్పలు వెనక్కి లాక్కుంది.

తాగితే ఒక చావు, మానేస్తే కుళ్ళి ఇంకో చావు. అయినా బొల్లి మొండిగా అంది. "మందు చంపిందో లేదో, పంపినదాన్నే అడుగుదాం. మడుగుకి పదండి."

"ఆ తాబేలు మొహం మీలో ఎవరైనా చూశారా?" అంది నక్క.

"లేదు. అందుకే పోతున్నా."

కుంటుకుంటూ దిగింది. మిగతావి దూరదూరంగా వచ్చాయి. నక్క మాత్రం దాని వెనకే, వెచ్చటి ఊపిరి తొడకు తగిలేంత దగ్గరగా నడిచింది. బొల్లి వెనక్కి తిరగలేదు. తిరిగితే పళ్ళు కనబడతాయని.

కొంగ చెప్పిందంతా విని తాబేలు గట్టు అంచుకి పాకింది.

"పరీక్ష అయ్యేదాకా విప్పకూడదు. కానీ ప్రాణాలు పోతుంటే దాచుకోవడం పాపం," అంటూ బురద తవ్వింది. "ఒక్కొక్కరి పేరున ఒక రాయి వరసగా పాతాను. నల్లరాయి అంటే మందు. తెల్లరాయి అంటే ఉత్త రసం. పోయినవాళ్ళ పేర్లు చెప్పండి."

బొల్లి ఒక్కో పేరే చెప్పింది. తెల్లరాయి. మళ్ళీ తెల్లరాయి. ఆరు పేర్లకీ ఆరు తెల్లరాళ్ళే పడ్డాయి.

"మందే తాగనివాళ్ళని మందు ఎలా చంపింది, నక్కబావా?" అని అడిగింది బొల్లి.

"ఏమో... దొప్పలు మారిపోయాయేమో," అంది నక్క.

"నాది?" అడిగింది ఎద్దు. నల్లరాయి పడింది. ఎద్దు కాలు నేలకేసి కొట్టి చూసుకుంది. గిట్ట మానింది, నొప్పి లేదు.

బొల్లి నక్క వైపు తిరిగింది. "కాళ్ళు బాగైనవాళ్ళలో ఒక్కరూ పోలేదు. పరుగెత్తలేనివాళ్ళే పోయారు. కుంటేవాళ్ళని ఏరుకున్నది జబ్బూ కాదు, మందూ కాదు. ఇన్నాళ్ళూ నువ్వేం తిన్నావు బావా? మేమంతా డొక్కలు ఎండి ఉంటే నీ పొట్ట నున్నగా ఉందే!"

అందరూ ఆ పొట్ట వైపే చూశారు. నక్క బొల్లి మీదికి దూకబోయింది. మానిన గిట్టలతో పదిమంది దారికి అడ్డం నిలిచారు. ఎద్దు కొమ్ములు దించి తరిమితే అది ఎర్రలోయ అంచుదాకా పారిపోయి, ఆగలేక లోపలికి జారిపోయింది. లోపల ఊటా లేదు, పైకి దారీ లేదు.

"మందు పనిచేస్తుందని తేలింది. ఇక అందరికీ అదే," అంది తాబేలు. "బొల్లీ, నీదీ తెల్లరాయే."

"తెలుసు," అంటూ బొల్లి మందు కలిపిన దొప్ప అందుకుంది. చుక్క మిగలకుండా తాగేసింది.

నీతి: ఎవరైనా భయపెడితే పారిపోయే ముందు, మన భయంతో ఎవరి కడుపు నిండుతోందో చూసుకోవాలి.